సర్ వాల్టర్ ఎలియట్ దొర — మన చేలగట్ల చెట్లు

అమరావతి శిల్పముల చరిత్ర చదివినవారికి ఎలియట్ దొర పేరు క్రొత్తది కాదు. 1845వ సంవత్సరమున అమరావతిలోని దీపాలదిన్నెను త్రవ్వించి, అందు దొరకిన పలకలను మద్రాసునకు పంపిన అధికారి ఈయనయే. వానిలో పెక్కు నేడు లండను నగరమున బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. వానిని చిరకాలము ఎలియట్ పాలరాళ్లనియే వ్యవహరించిరి. పాలరాళ్లన్నది పేరునకే, నిజమునకు అవి పలనాటి సున్నపురాళ్లు. రాళ్లతో పెనవేసికొన్న ఈ పేరు మన చెట్లతోను, పూలతోను కూడ పెనవేసికొన్నదని ఎరిగినవారు తక్కువ. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలలో పొలముగట్ల మీదను, డొంకలలోను, బీళ్లలోను సామాన్యముగా కనబడు చెట్టుచేమలకు మనవారు పెట్టుకొన్న పేర్లను కూర్చి, వానికి శాస్త్రనామములను జతపరచి, 1859లో మద్రాసున ఈయన ఒక గ్రంథమును ప్రకటించెను. దాని పేరు ఫ్లోరా ఆంధ్రికా. ఆంధ్రుల వృక్షావళి అని మనము తెనిగించుకొనవచ్చును. ఊరి గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో ఒక దొర జీవితమేల యని అడుగువారికి ఈ గ్రంథమే నా సమాధానము.

వాల్టర్ ఎలియట్ 1803 జనవరి 16వ తేదీన స్కాట్లండు దేశమున జన్మించెను. తండ్రి జేమ్సు ఎలియట్ రాక్స్‌బరో మండలములో వుల్ఫ్‌లీ అను చోట భూస్వామి. బాల్యమున కొంత పాఠశాలలోను, కొంత ఇంటి వద్ద గురువు కడను చదువుకొని, పదునైదవ యేట ఈస్టిండియా కంపెనీవారు తమ ఉద్యోగులను తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో ప్రవేశించెను. 1821లో మద్రాసు చేరునాటికి ఈయనకు పదునెనిమిదేండ్లు. మొదట సేలమున కలెక్టరునకు సహాయకుడుగా ఉండి, అచిరకాలములోనే ధార్వాడ ప్రాంతమునకు బదిలీ అయ్యెను. ఆ ప్రాంతమును అప్పుడు దక్షిణ మహారాష్ట్ర దేశమనుచుండిరి. 1824లో కిత్తూరు సంస్థానము కంపెనీపై తిరుగబడినది. రాణి చెన్నమ్మ పేరు దేశమంతట మారుమ్రోగిన యుద్ధమది. కంపెనీ ప్రతినిధి థాకరే అందు హతుడయ్యెను. ఎలియట్టును, స్టీవెన్‌సన్ అను మరియొక సహాయకుడును బందీలైరి. కొన్ని వారములు ప్రాణములు అరచేత పెట్టుకొని గడపి, విడుదల పొందిరి. ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున ఇట్టి అనుభవము కలిగినవాడు ఆ దేశమును, ఆ జనమును ద్వేషించియుండిన ఆశ్చర్యపడనక్కరలేదు. ఎలియట్ అట్లు చేయలేదు. 1833 వరకు ఆ సీమలోనే ఉండి కన్నడము నేర్చి, శాసనములకు నకళ్లు తీయించెను. అడవి మృగములను పరిశీలించెను.

ఆ సీమ కూడ మన సీమవంటి నల్లరేగడి నేలయే. ప్రత్తియు, జొన్నయు అచటి పంటలు. ఆ రేగడిలో బొరియలు చేసికొని బ్రతుకు ఎలుకలను గూర్చి ఎలియట్ చేసిన పరిశీలన ఈనాటికిని జంతుశాస్త్రజ్ఞులకు ప్రమాణము. ఇందు ఒక ముచ్చట కలదు. ఎలుకల బొరియలను త్రవ్వుటలో వడ్డెరలను మించినవారు లేరు. ఏ దేశమునకు వలసపోయినను వడ్డెరల ఇంటిమాట తెనుగే. మెత్తని బొచ్చు గల ఒక పొలపుటెలుకను వారు మెట్టాడ అని పిలుచుచుండ, ఎలియట్ ఆ మాటనే వ్రాసికొనెను. ఆ మాట కొలదిగా రూపుమారి, మెల్టాడ అయి, ఆ ఎలుక లాటిను నామములో నేటికిని నిలిచియున్నది. గునపము పట్టిన వడ్డెరవాని నోటిమాట ప్రపంచ శాస్త్రములో స్థిరపడుట చిన్న విషయము కాదు. 1839లో ఈయన ప్రకటించిన ఆ సీమ క్షీరజంతువుల పట్టికలో దేశభాషల పేర్లకు ఇట్టి గౌరవమే కలదు. ఒక ప్రాణిని ఎరుగవలెనన్న, దానితో బ్రతుకువాడు దానినేమని పిలుచునో ముందు అడుగవలెనను పద్ధతి ఈయనకు అప్పటికే అలవడినది. గుంటూరు వచ్చిన పిమ్మట చెట్ల విషయములో అక్కరకు వచ్చినది ఈ అలవాటే.

1833 చివర సెలవుపై బయలుదేరి ఎఱ్ఱసముద్రము, ఈజిప్టు ఎడారి, జెరూసలేము, గ్రీసుల మీదుగా 1835లో స్వదేశము చేరెను. 1836లో బంధువగు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువు మద్రాసు గవర్నరుగా నియమింపబడగా, ఆయనకు ఆంతరంగిక కార్యదర్శియై మరల వచ్చెను. తరువాత కొన్నియేండ్లు కచేరీ పనులలోనే గడచినవి.

1845లో ఎలియట్‌ను గుంటూరు జిల్లాకు పంపిరి. ఆ పంపుటకు కారణమును గ్రహింపవలెనన్న పండ్రెండేండ్లు వెనుకకు పోవలెను. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను మహాక్షామము పట్టి పీడించినది. డొక్కలు తేలిన మనుషుల కరవు గనుక దానిని డొక్కల కరవనియు పెద్దలు చెప్పుకొనిరి. ఈ ఒక్క జిల్లాలో లక్షకు పైబడి జనము నశించిరి. పశువులు నశించెను, ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. బ్రతికినవారు కోలుకొనక మునుపే జమీందారుల దుబారా, వసూళ్ల పీడన, కచేరీ ఉద్యోగుల అపహరణము తోడయ్యెను. శిస్తు నానాటికి తగ్గిపోవుచుండ, ఏల తగ్గుచున్నదో తేల్చి రమ్మని ఎలియట్‌ను నియమించిరి. ఈయన గ్రామములు తిరిగి, కరణముల లెక్కలు తిరగవేయించి, జిల్లా అంతయు క్రొత్తగా సర్వే చేసి శిస్తు నిర్ణయింపవలెననియు, బాకీపడిన జమీలను ప్రభుత్వమే ఉంచుకొనవలెననియు నివేదిక ఇచ్చెను. కలకత్తాలోని భారత ప్రభుత్వము దానిని అంగీకరించినది. లండనులోని కంపెనీ డైరెక్టర్లు త్రోసిపుచ్చిరి. అయినను ఉత్తర సర్కారులన్నింటికి ఈయననే కమీషనరుగా నియమించిరి. 1854 వరకు ఆ పదవిలో ఉండెను.

అమరావతి త్రవ్వకము గుంటూరు విచారణ జరిగిన కాలముననే జరిగినది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు ఆ పట్టణమును నిర్మించునపుడు దిబ్బలోని రాళ్లు బయటపడుట, 1797లో మెకంజీ దొర వచ్చి చూచుట మన పాఠకులు ఎరిగినదే. ఎలియట్ త్రవ్వించిన పలకలు మద్రాసు చేరి, యేండ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, 1859లో ఓడనెక్కెను. 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరెను. ఈ విషయమున నా అభిప్రాయము దాచనక్కరలేదు. ఆ రాళ్లు ఇచట ఉండవలసినవి. పల్లెవారు సున్నము కాల్చుకొనుచుండగా దొర వానిని రక్షించెనని చెప్పువారు కలరు. అందును కొంత సత్యము కలదు. కాని రక్షించుట వేరు, తరలించుట వేరు. చిత్రమేమన, పలకలు ఓడనెక్కిన 1859లోనే ఫ్లోరా ఆంధ్రికా వెలువడినది. రాళ్లను కోల్పోయిన యేటనే మన చెట్ల పేర్లు అచ్చులో మనకు దక్కినవి.

మన తీరపు చెట్లను శాస్త్రదృష్టితో చూచినవారిలో ఎలియట్ మొదటివాడు కాడు. అంతకు పూర్వమే లిన్నేయసు పండితుని శిష్యుడగు కేనిగ్ ఈ కోరమండల తీరమున మొక్కలు సేకరించి, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను. ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బరో వైద్యుడుగా సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారులచేత మొక్కల చిత్రములు వ్రాయించెను. కోరమండల తీరపు మొక్కలు అను ఆయన గ్రంథము మూడు సంపుటములలో 1795 మొదలు 1820 వరకు వెలువడినది. అందు 300 చిత్రపటములు కలవు. రాక్స్‌బరో తెలుగు పేర్లను అడిగి వ్రాసికొనుటయే కాక, కొన్నింటిని శాస్త్రనామములలోనే పొదిగెను. మన సండ్ర ఆయన చేతిలో సుండ్ర అయినది. సోమిద సోయ్‌మిడా అయినది. రాతినేలలో ఆకులు లేక, నాలుగు పలకల కాడలతో మొలచు కారల్లమును మన మేకలకాపరులు పచ్చిగానే తినుట కలదు. రాక్స్‌బరో వ్రాసికొన్న ఆ పేరునుండియే కేరలూమా అను జాతినామము ఏర్పడినది. ఆఫ్రికా దేశపు మొక్కలను సైతము ఈ తెలుగు పేరుతోనే పిలుచుచు వచ్చిరి.

రాక్స్‌బరో గ్రంథములు వృక్షశాస్త్రజ్ఞులకై వ్రాసినవి. మొక్కను కోసి, పువ్వును విప్పి, కేసరములు లెక్కించి, లక్షణములను బట్టి పేరు తెలిసికొనువారికి అవి ఉపయోగించును. ఎలియట్ త్రోవ దీనికి ఎదురు. ఈయనకు తెలుగు పేరే తాళపుచెవి. పేరు తెలిసినవాడు ఆ పేరును వెదకినచో, ఎదుట శాస్త్రనామము కనబడును. అచటినుండి రాక్స్‌బరో, రాబర్టు వైట్ మొదలగువారి వర్ణనములకు పోవచ్చును. 1852లో బ్రౌను దొరగారి నిఘంటువు వెలువడినది. అందును చెట్ల పేర్లు కలవు. కాని నిఘంటువులో ఒక మొక్క పేరునకు అది ఒక విధమైన మొక్క అని అర్థము వ్రాసినచో చదువరికి ఒరిగినదేమి? ఆ కొరత తీర్చుటకు మాటను ఎరిగినవాడును, మొక్కను ఎరిగినవాడును ఒక్కడే కావలెను.

ఇది చెప్పినంత సులభము కాదు. ఒకే చెట్టును పండితుడు ఖదిరమనును, కాపు సండ్ర అనును. శమియనిన జమ్మియే, బర్బురమనిన నల్లతుమ్మయే. ఇంకొక ప్రక్క, ఒకే మాటకు ఊరూర వేరు మొక్క. ధ్వనిలో ఒకదానినొకటి పోలు మాటలు మరింత చిక్కు. తుమ్మ ముండ్లచెట్టు, తుమ్మి తెల్లపూల చిన్నమొక్క, తుమికి బీడీ ఆకుల చెట్టు. తెలుగు చెవి లేని పరదేశి ఈ మూడింటిని ఒకటిగా వ్రాసికొని పోయిన నవ్వవలసిన పని లేదు. మన పట్టణపు పిల్లలలోనే తుమ్మికి, తుమ్మకు భేదము తెలియనివారు ఇప్పుడు కలరు.

మాట తుమ్మ దాక వచ్చినది గనుక ఇక్కడ కొంచెము నిలువవలెను. గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్టపొలములలో తుమ్మకు మించిన చెట్టు లేదు. ప్రత్తి, మిరప పండు నల్లరేగడిలో, చెరువుగట్ల మీద, వాగుల ఒడ్డున పెరుగునది నల్లతుమ్మ. బెరడు నలుపు, ముండ్లు జంటలు జంటలుగా, సూదులవలె తిన్నగా, తెల్లగా ఉండును. వానకాలమున పసుపుపచ్చని గుండ్రని పూలు, చిన్నపిల్లల కుచ్చులవలె, మంచి వాసనతో పూయును. కాయను చూచినచో ఇక సందేహమే ఉండదు. గింజగింజకు నడుమ నొక్కుపడి, బూడిదరంగు నూగుతో, పూసలదండవలె వ్రేలాడును. నాగలి దుంపకు, బండి చక్రమునకు ఈ చేవయే కావలెను. బెరడు తోలు పదును పెట్టుటకు, జిగురు మందులకు, కాయ మేకలకు.

రేగడి దాటి, గులకరాళ్ల ఎఱ్ఱనేలలకు పోయినచో కనబడునది తెల్లతుమ్మ. దూరమునుండియే పాలిపోయిన బెరడు చెప్పును. పూలు ఇక్కడను గుండ్రనివే కాని చిన్నవి. రంగు పసుపు కాదు, మీగడ. కొమ్మల చివరల పెద్ద గుత్తులుగా విరియును. కాయ వంపుతిరిగి బద్దవలె ఉండునే కాని పూసలు ఉండవు. వెనుకటి కాలమున సారా బట్టీలలో దీని బెరడు వేయుచుండిరి. రాక్స్‌బరో దీనికి ల్యూకోఫ్లియా అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో తెల్లబెరడు అని అర్థము. మనవారు ఎన్నడో చూచిన లక్షణమునే ఆయనయు చూచెను.

కనిగిరి, మార్కాపురము ప్రాంతపు బీళ్లలో పాకితుమ్మ కలదు. దాని జంటముండ్లు కొమ్ములవలె ఉబ్బి, తెల్లగా భయపెట్టును. లాటినులో దానికి దొంగల చెట్టు అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఊరిచుట్టు పొదగా పెరుగు కస్తూరితుమ్మ వేరు. పువ్వు పరిమళమును బట్టి కస్తూరి, వేరు కంపును బట్టి కొన్నిచోట్ల మురికితుమ్మ. ఇది అమెరికా ఖండమునుండి వచ్చి మనలో కలిసిపోయినది. పరాయిదని దానిని తప్పుపట్టుటకు లేదు. గుంటూరునకు ఇంత కీర్తి తెచ్చిన మిరపయు అచటినుండి వచ్చినదే.

ఇక సండ్ర. వినుకొండ, మాచర్ల ప్రాంతపు రాతిగుట్టలపైన, నల్లమల అంచులలో పెరుగును. దీని ముల్లు తిన్నని ముల్లు కాదు, పిల్లిగోరువలె వంగియుండును. పువ్వు బంతివలె గాక కంకివలె ఉండును. లోపలి చేవ ముదురెరుపు, చెద ముట్టదు. పాత ఇండ్ల స్తంభములలో, రోకళ్లలో సండ్ర నేటికిని నిలిచియున్నది. తాంబూలమున వేయు కాచు ఈ చేవను కాచి తీసినదే. దీనికి సోదరమైన అనసండ్రకును వంగిన ముల్లే, కంకి పువ్వే. కొండవీటి కొండలపై చెట్లకు ఎగబ్రాకు కొరిందకు, నల్లమలలోని శీకాయకు కూడ ముల్లు కొక్కెమే.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్లన్నిటిని రెండువందల యేండ్లకు పైగా అకేషియా అను ఒకే జాతిగా లెక్కించిరి. ఆస్ట్రేలియా ఖండపు వాటిల్ చెట్లను కూడ అందే చేర్చిరి. ఈ శతాబ్దిలో జాతిని విభజింపవలసివచ్చినది. 2005లో వియన్నా నగరమునను, 2011లో మెల్‌బోర్న్ నగరమునను జరిగిన అంతర్జాతీయ సభలలో అకేషియా అను పేరు ఆస్ట్రేలియా చెట్లకే చెందునని నిర్ణయించిరి. ఆ పేరు మొదట పుట్టినది నైలునది ఒడ్డున పెరుగు నల్లతుమ్మను చూచియే. అయినను ఓట్ల లెక్కలో తుమ్మ ఓడిపోయినది! మన చెట్లకు రెండు క్రొత్త పేర్లు వచ్చినవి. జంటగా తిన్నని ముండ్లు గలవి వాచెలియా. వంగిన ముండ్లు గలవి సెనెగాలియా. ఇప్పుడు మన పల్లెపేర్లను ఈ విభాగము ప్రక్కన పెట్టి చూడుడు. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, పాకితుమ్మ, కస్తూరితుమ్మ — తుమ్మ అని పిలిచినవన్నియు వాచెలియాలే. సండ్ర, అనసండ్ర, కొరింద, శీకాయ — మనవారు తుమ్మ అని పిలువనివన్నియు సెనెగాలియాలే. శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలు చేసి తేల్చినదానిని, కంపనరికి కంచెవేసిన మనిషి చేతికి గ్రుచ్చుకొన్న ముల్లును బట్టి ఏనాడో తేల్చినాడు. ఎలియట్ కాలమున ఈ విభాగము లేదు. ఆయన పుస్తకములోని లాటిను పేర్లు నేడు పెక్కు మారిపోయినవి. తెలుగు పేర్లు మారలేదు.

తుమ్మవలెనే కనబడి తుమ్మ కానివి కూడ మన పొలములలో ఉన్నవి. జమ్మికి ముండ్లు జంటలుగా ఉండవు; కొమ్మ పొడవున చిన్నచిన్నవి చెదరియుండును. వెలుతురుచెట్టు పువ్వును ఒక్కసారి చూచినవారు మరువలేరు. వ్రేలాడు కంకిలో పైసగము గులాబిరంగు, క్రిందిసగము పసుపు. ఒకే పువ్వునకు రెండు వస్త్రములు తొడిగినట్లు. ఎఱ్ఱగరువులలో తంగేడు బంగారము, మోదుగ నిప్పు, బాపట్ల తీరపు ఇసుకలో బాలబందతీగ ఊదాపూలు — నేల మారిన పువ్వు మారును. చెట్టును గుర్తించువాడు ముందు కాలి క్రింది మట్టిని చూడవలెను.

ఇది వినోదమునకు మాత్రమే పనికివచ్చు విద్య అని అనుకొనువారు డొక్కల కరవును తలచుకొనవలెను. ధాన్యము లేనప్పుడు జనము బీళ్లమీద, అడవులమీద పడుదురు. జమ్మికాయ, తుమ్మజిగురు, కారల్లము, తెలిసిన దుంపలు ప్రాణము నిలుపును. కాని కంచెలలో నిప్పుమంటవంటి పూలతో ప్రాకు అగ్నిశిఖ దుంప తిన్నచో మనిషి దక్కడు. రెండు దుంపలకు భేదము చెప్పగల ముసలమ్మ ఉన్న ఇల్లు బ్రతికినది. లేని ఇంటికి ఆ దినములలో పేరు తెలియకపోవుటయే మృత్యువు. ఆ కరవునుండి కోలుకొనని జిల్లాలో విచారణ జరిపిన అధికారి, మొక్కల పేర్లకు ఇంత విలువ ఇచ్చుట యాదృచ్ఛికమని నాకు తోచదు. స్వదేశమునకు పోయిన పిదప దక్షిణదేశపు చిరుధాన్యములను గూర్చియు, పప్పులను గూర్చియు ఈయన ఎడింబరోలో వ్యాసము ప్రకటించెను. బీదవాడు తినునదేమి అను ప్రశ్న ఈయనను విడువలేదు.

ఇంతటి పట్టికను ఒక్క మనిషి తన తెలివితో కూర్చజాలడు. పేర్లు చెప్పినవారు మేకలకాపరులు, చెంచులు, యానాదులు, నాటువైద్యులు, మందులు నూరు ముసలమ్మలు అయియుండవలెను. వడ్డెరవాని మెట్టాడవలెనే వారి మాటలు గ్రంథమునకెక్కినవి; వారి పేర్లు ఎక్కలేదు. దీపాలదిన్నె పలకలకు ఎలియట్ పేరు పెట్టిరి గాని చెక్కిన శిల్పుల పేరు పెట్టలేదు. చెట్ల విషయమునను అంతే. ఈ లోపము ఎలియట్ ఒక్కనిది కాదు, ఆ కాలపు దొరతనమంతటిది. దానిని ఎరిగియుండి కూడ ఆయన కృషిని మెచ్చుకొనక తప్పదు. ఎందుకన, మన పండితులు ఆ కాలమున ప్రబంధములలోని పారిజాతములను వర్ణించుచుండిరే కాని, పొలముగట్టున ఉన్న పల్లేరును వంగి చూచినవారు అరుదు.

ఎలియట్ నడిచిన నేల నేడు చాల మారినది. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై డెల్టా పల్లమైనది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట మెట్టలు కూడ మాగాణులైనవి. ఇది సంతోషింపదగినదే, డొక్కల కరవు మరల రాకుండుటకు కాలువలే కారణము. కాని గట్టుమీద తుమ్మనీడ ప్రత్తికి, మిరపకు చెరుపు అని రైతు దానిని కొట్టివేసినాడు. 1870వ దశకమున, ఎలియట్ వెడలిపోయిన పిమ్మట, అమెరికా ముండ్లచెట్టు ఒకటి కడప జిల్లా కమలాపురమున నాటబడి, నేడు ఊరూర చెరువులను, బీళ్లను ఆక్రమించినది. దానిని మనవారు సర్కారుతుమ్మ అనిరి. ముల్లును బట్టి తుమ్మ అనిరి గాని అది తుమ్మ కాదు. జమ్మికి దూరపు చుట్టము. సర్కారు తెచ్చినది గనుక సర్కారును చేర్చి, అసలు తుమ్మనుండి వేరుపరచిరి. పేరు పెట్టుటలో మన పల్లెల నేర్పు అప్పటికి ఇంకను చావలేదు. ఇప్పుడో, ముల్లున్న ప్రతిదియు కంప. పువ్వున్న ప్రతిదియు పిచ్చిపువ్వు. మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఊరి పొలిమేరలోని చెట్ల పేర్లను తాతలను, అవ్వలను అడిగి ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, చెప్పినవారి పేరు కూడ ప్రక్కన వ్రాసినచో, ఎలియట్ పట్టికకు అది మంచి పొడిగింపగును.

1854లో ఎలియట్ మద్రాసు గవర్నరు సలహాసంఘమున సభ్యుడయ్యెను. 1858 నవంబరులో దేశము కంపెనీనుండి రాణీగారి పాలనలోనికి మారినప్పుడు, గవర్నరు అస్వస్థుడై ఉండగా, మద్రాసులో ఆ ప్రకటనను చదివినది ఈయనయే. 1860 మొదట ఉద్యోగము విరమించి వుల్ఫ్‌లీ చేరెను. 1866లో సర్ బిరుదము, 1878లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినవి. పల్లెటూరి ఇంటిలో ఉండి, చుట్టుపట్ల పక్షులను, మొక్కలను చూచుచు, దక్షిణదేశపు నాణెములను పరిశీలించుచు కాలము గడపెను. ముదిమిలో కన్నులు పోయినవి. ముల్లు వంపును, కాయ నొక్కును చూచి చెట్టును పోల్చినవానికి ఇంతకన్న కష్టమేమి? అయినను పని మానలేదు. నాణెములను వ్రేళ్లతో తడవి, వ్రాయసకానికి చెప్పి వ్రాయించుచు దక్షిణదేశ నాణెముల గ్రంథమును పూర్తిచేసెను. అది ఆయన మరణమునకు కొలదికాలము ముందు వెలువడినది.

1887 మార్చి 1వ తేదీ ఉదయమున, తమిళ విద్వాంసుడగు పోప్ దొరకు ఈయన ఒక జాబు చెప్పి వ్రాయించెను. తిరుక్కురళ్ ప్రచురణమును అందు ప్రస్తావించెను. జాబు క్రింద తన చేతితోనే సంతకము చేసెను. ఆ సాయంకాలము ప్రాణము విడిచెను. అప్పటికి ఈయన వయస్సు ఎనుబది నాలుగేండ్లు.